కొడుకు మిలిటరీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు తల్లిదండ్రులు చేయవలసిన పనులు

ఆ ఫోను యూనిట్ అడ్జుటెంట్ నుంచో, సుబేదార్ మేజర్ నుంచో, లేదా మన అబ్బాయితో కలిసి పనిచేసే మరో తెలుగు కుర్రాడి నుంచో వస్తుంది. గాయమైందనీ, ఆసుపత్రిలో ఉన్నాడనీ, కంగారు పడవద్దనీ చెప్పిన తరువాత అవతలి మనిషి ఇంకా ఎంతో చెబుతాడు గానీ మన చెవికి ఎక్కదు. నాకూ ఎక్కలేదు. సరిహద్దు గస్తీలో మందుపాతర పేలి మా అబ్బాయి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయిన తరువాత, మూడు ఆసుపత్రులు మారుతూ నేనూ మా ఇంటావిడా వంతుల వారీగా ఏడు నెలలు అతని వెంట ఉన్నాము. అప్పుడు ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే బాగుండునని అనిపించిన విషయాలను ఇక్కడ రాస్తున్నాను. వీటన్నిటి వెనుక నాకు అర్థమైన సంగతి ఒకటుంది. మొదటి రోజున తల్లిదండ్రుల మీద పడే పని కొండంత ఉంటుంది. అది వారం వారం కరుగుతూ రావాలి. కరగడం లేదంటే చాలాసార్లు అడ్డు మనమే అయి ఉంటాము.

ఫోను వచ్చిన రోజు

ముందుగా ఒక కాగితం తీసుకుని అబ్బాయి ఆర్మీ నంబరు, ర్యాంకు, యూనిట్ పేరు, ఆసుపత్రి పేరు, వార్డు, ఫోను చేసిన వ్యక్తి పేరు, అతని నంబరు రాసుకోవాలి. ఆర్మీ నంబరు చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఇంట్లో ఉన్న డిపెండెంట్ కార్డులోనో పాత ఉత్తరాలలోనో అది దొరుకుతుంది. మిలిటరీ ఆసుపత్రి గేటు దగ్గరా, జవాన్ల సర్వీసు కాగితాలుండే రికార్డు ఆఫీసులోనూ మన కొడుకును పేరుకంటే ఆ నంబరుతోనే త్వరగా గుర్తుపడతారు. ఎందుకంటే అదే పేరుగల జవాన్లు అదే వార్డులో మరో ఇద్దరు ఉండవచ్చు.

తరువాత అడగవలసిన ప్రశ్న, అబ్బాయిని డి.ఐ.ఎల్.లో పెట్టారా, ఎస్.ఐ.ఎల్.లో పెట్టారా అన్నది. మొదటిది ప్రాణాపాయ స్థితిలో ఉన్నవారి జాబితా, రెండవది పరిస్థితి తీవ్రంగా ఉన్నవారి జాబితా. ఈ పేర్లు వింటే గుండె జారుతుంది గానీ, జాబితాలో ఉన్నందువల్ల ఆసుపత్రి నుంచి ఇంటికి క్రమం తప్పకుండా సమాచారం పంపవలసి ఉంటుంది; జాబితా నుంచి తీసివేసినప్పుడు కూడా చెబుతారు. ప్రయాణానికి వారెంటు, అంటే టికెట్టు కోసం సైన్యం ఇచ్చే కాగితం, ఇచ్చే వీలుందా, అక్కడ దిగిన తరువాత ఉండడానికి గది చూపిస్తారా, స్టేషనుకు ఎవరైనా వస్తారా అన్న మూడింటినీ యూనిట్‌ను అప్పుడే అడగాలి. అడగడానికి మొహమాటపడే వేళ కాదు.

వెంటనే రైలెక్కాలని కాళ్లు తొందరపెడతాయి. కానీ గాయపడినవాడు ఒకచోటే ఉండడు. కాశ్మీరులో గాయపడిన జవానును ముందు దగ్గరలోని ఫీల్డ్ ఆసుపత్రికి, అక్కడి నుంచి శ్రీనగర్‌లోని 92 బేస్ ఆసుపత్రికో ఉధంపూర్‌లోని కమాండ్ ఆసుపత్రికో, అవసరమైతే విమానంలో ఢిల్లీలోని ఆర్మీ ఆసుపత్రికి తరలిస్తారు. ఆ ఢిల్లీ ఆసుపత్రిని అందరూ ఆర్ అండ్ ఆర్ అంటారు. విశాఖ నుంచో సికింద్రాబాదు నుంచో మనం బయలుదేరి చేరేలోపు అతను మరో ఊరికి వెళ్లిపోయి ఉండవచ్చు. కాబట్టి టికెట్టు తీసుకునే ముందు ఒకసారి, రైలెక్కే ముందు మరొకసారి ఫోను చేసి నిర్ధారించుకోవాలి. ఇంటికి దగ్గరని సికింద్రాబాదు మిలిటరీ ఆసుపత్రికో విశాఖలోని నౌకాదళ ఆసుపత్రి ఐ.ఎన్.హెచ్.ఎస్. కల్యాణికో పంపమని మొదటి వారంలోనే పట్టుబట్టడం మంచిది కాదని నా అభిప్రాయం. ఆ గాయానికి కావలసిన శస్త్రవైద్యుడు ఉన్న చోటే అప్పటికి దగ్గరి చోటు. పరిస్థితి కుదుటపడిన తరువాత ఆ కోరిక కోరవచ్చు, కొన్నిసార్లు తీరుతుంది కూడా.

ఒక హెచ్చరిక. సేవలో ఉన్న జవానుకు మిలిటరీ ఆసుపత్రిలో వైద్యం ఉచితం. ఆపరేషనుకు డబ్బు కట్టాలనీ, రక్తానికి వెంటనే ఫోన్‌పే చేయాలనీ ఎవరైనా ఫోను చేస్తే అది మోసమే. గాయపడిన వార్త పేపరులో వచ్చిన మరునాడు ఇటువంటి ఫోన్లు రావడం వింతేమీ కాదు.

వెంట తీసుకువెళ్లే సామానులో అందరూ మరిచిపోయేది తమ సొంత మందులు. బీపీ, షుగరు ఉన్న తల్లిదండ్రులు రెండు నెలలకు సరిపడా మాత్రలూ, డాక్టరు చీటీ, ఆధార్ కార్డులు పెట్టుకోవాలి. అబ్బాయికి ముందు బొత్తాలున్న చొక్కాలు, నాలుగు లుంగీలు చాలు. ప్యాంట్ల వల్ల ఉపయోగం లేదు. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు లుంగీకి మించిన బట్ట లేదని రెండో రోజుకే తెలుస్తుంది. చలికాలమైతే ఢిల్లీ చలిని మన ఊరి చలితో పోల్చుకోకూడదు. ఫోను ఛార్జరుకు పొడుగు తీగ ఉండాలి, ఎందుకంటే వార్డులో ప్లగ్గు ఎప్పుడూ మంచానికి అవతలి వైపే ఉంటుంది.

హిందీ రాకపోతే, వెళ్లేటప్పుడు ఒక మాజీ సైనికుడిని తోడు తీసుకువెళ్లడం అన్నిటికంటే పెద్ద ఉపకారం. పశ్చిమ గోదావరి జిల్లాలోని మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఇంటికొక మనిషి దొరుకుతాడు. మిగిలిన చోట్ల జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడిగితే ఎవరో ఒక రిటైర్డ్ సుబేదారు పేరు చెబుతారు. ఆసుపత్రిలో ఏ తలుపు తట్టాలో, ఎవరిని సాబ్ అనాలో అతనికి తెలుస్తుంది.

మొదటి వారం: చూసి బెదరకుండా ఉండడానికి

పేలుడు గాయాన్ని వెంటనే కుట్టరు. ఇది తెలియక నేను డాక్టరుతో గొడవకు దిగాను. మందుపాతర పేలినప్పుడు మట్టి, బూటు ముక్కలు, గుడ్డ పీలికలు కండరాల పొరల మధ్య నుంచి చాలా పైదాకా దూసుకుపోతాయి. కంటికి కనిపించే గాయంకంటే లోపలి గాయం పెద్దది. అందుకే చచ్చిపోయిన కండను తీసివేసి, కడిగి, గాయాన్ని తెరిచే ఉంచి, కొన్ని రోజుల తరువాత మళ్లీ థియేటరుకు తీసుకువెళ్లి చూస్తారు. శుభ్రంగా ఉందని నమ్మకం కలిగిన తరువాతనే మూస్తారు. మొదట మడమ దాకా అన్నవారు తరువాత మోకాలి కింద దాకా అనడానికి కూడా ఇదే కారణం. వైద్యుడు మాట మార్చాడని అనుకోవద్దు. నాలుగైదు ఆపరేషన్లు జరగడం ఇటువంటి గాయాలలో మామూలే.

వార్డులోని నర్సులను మనం సిస్టర్ అని పిలుస్తాము గానీ, మిలిటరీ నర్సింగ్ సర్వీసులో వారు లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్ వంటి హోదాలున్న అధికారులు. భుజం మీది నక్షత్రాలు చూసి మాట్లాడితే సంభాషణ సాఫీగా సాగుతుంది. రోజువారీ పనులు చూసే నర్సింగ్ అసిస్టెంట్లలో తెలుగువారు తరచుగానే కనిపిస్తారు. నంద్యాలో, శ్రీకాకుళమో, కరీంనగరో అని ఆరా తీస్తే ఒకరు బయటపడతారు. వారి సాయంతో డాక్టరు మాటలను అర్థం చేసుకోవాలి, అయితే వారి డ్యూటీకి అడ్డు పడకూడదు. కొన్ని హిందీ మాటలు ముందే నేర్చుకోవడం మేలు: దర్ద్ అంటే నొప్పి, బుఖార్ అంటే జ్వరం, పట్టీ అంటే కట్టు. ఛుట్టీ అనే మాటతో జాగ్రత్త. సెలవునూ, ఆసుపత్రి నుంచి విడుదల కావడాన్నీ రెండింటినీ ఆ మాటతోనే అంటారు. సిక్ లీవు మీద నాలుగు వారాలు ఇంటికి పంపడాన్ని నేను ఉద్యోగం నుంచి పంపేస్తున్నారని అనుకుని ఒక రాత్రంతా నిద్రపోలేదు.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, ఆ రోజు చూసిన డాక్టరు, జరిగిన ఆపరేషను, జ్వరం, మార్చిన మందు అన్నీ అందులో రాయాలి. డాక్టర్ల రౌండు మంచం దగ్గర నిలిచేది రెండు మూడు నిమిషాలే కనుక ముందు రాత్రే మూడు ప్రశ్నలు రాసుకుని, వాటిని అబ్బాయి చేతనే అడిగించాలి. అతను మాట్లాడలేని స్థితిలో ఉంటేనే మనం అడగాలి. తన శరీరం గురించి తన తలమీదుగా ఇతరులు మాట్లాడుకోవడం ఏ మనిషికీ నచ్చదు, పాతికేళ్ల సైనికుడికి అసలే నచ్చదు.

చేతులతో చేయవలసిన పని

ఇక్కడ కొంచెం నిలిచి చెప్పాలి, ఎందుకంటే మన ప్రేమే కొన్నిసార్లు హాని చేస్తుంది. కాలు తీసివేసిన తరువాత మిగిలిన భాగాన్ని ఆసుపత్రిలో స్టంప్ అంటారు. తెలుగులో దానికి మోడు అనే మాట ఉంది గానీ మా ఇంట్లో ఎవరి నోటా అది రాలేదు, మేమూ స్టంప్ అనే అన్నాము. నొప్పిగా ఉందని దాని కింద మెత్తటి దిండు పెట్టాలని తల్లి చేతులు వెతుక్కుంటాయి. పెట్టకూడదు. మోకాలు, తుంటి వంగిన స్థితిలోనే రోజుల తరబడి ఉంటే అక్కడి కండరాలు కుదించుకుపోయి, తరువాత కృత్రిమ కాలు తొడిగినా నిటారుగా నిలబడడం కష్టమవుతుంది. మోకాలు చాచి ఉంచాలి. చక్రాల కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ కాలు వేలాడకుండా కింద ఒక పలక అమర్చాలి. వైద్యులు సరేనన్న తరువాత రోజుకు రెండు మూడుసార్లు, ప్రతిసారీ ఇరవై ముప్పై నిమిషాలు బోర్లా పడుకోబెట్టాలి. సాగే గుడ్డతో కట్టే కట్టు ఎనిమిది అంకె ఆకారంలో, చివర బిగువుగా, పైకి వచ్చేకొద్దీ వదులుగా ఉండాలి. దానివల్ల వాపు తగ్గి స్టంప్ ఆకారం కుదురుతుంది. ఈ కట్టును ఫిజియోథెరపిస్టు నేర్పేటప్పుడు మీరు చూడండి, కానీ నేర్చుకోవలసింది అతను. మొదటి వారం మీరు కట్టినా రెండో వారం అతను కడుతుంటే మీరు గుడ్డ చుట్టి అందించండి. మూడో వారానికి ఆ పని మీది కాదు.

లేని పాదం నొప్పి పెడుతోందని, బొటనవేలు మెలితిరుగుతోందని అబ్బాయి అంటే భ్రమ అనకూడదు. నరాలూ మెదడూ ఆ పాదాన్ని ఇంకా మరిచిపోలేదు. ఆ నొప్పి నిజమైనది, దానికి వేరే మందులూ, అద్దం ఎదుట చేయించే అభ్యాసాలూ ఉన్నాయి, డాక్టరుకు చెప్పవలసిన విషయమే అది. అదే కారణం చేత అర్ధరాత్రి సగం నిద్రలో లేచి, లేని కాలు నేల మీద మోపబోయి పడిపోవడం కొత్తగా కాలు పోయినవారికి తరచుగా జరుగుతుంది. ఆ వైపున ఒక స్టూలు గానీ కుర్చీ గానీ అడ్డుగా ఉంచడం, ఊతకర్రలు చేతికి అందేటట్లు పెట్టడం, చిన్న దీపం వెలిగి ఉండేటట్లు చూడడం మీరు చేయగలరు.

వెన్నుపాము దెబ్బతిన్నవారి సంగతి వేరు. స్పర్శ తెలియని శరీరానికి ఒకేచోట ఒత్తిడి పడితే కొన్ని గంటలలోనే పుండు మొదలవుతుంది, మానడానికి నెలలు పడుతుంది. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, ఈడ్చకుండా ఎత్తి తిప్పాలి, దుప్పటిలో ముడత ఉండకూడదు. నడుము కింది ఎముక, మడమలు, తుంటి పక్కలు రోజూ చూడాలి. నొక్కినా పోని ఎరుపు కనబడితే వెంటనే సిస్టర్‌కు చెప్పాలి. ఛాతీ మధ్యభాగానికి పైన వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఉన్నట్టుండి తలనొప్పి పగిలిపోయేటట్లు వచ్చి, ముఖం ఎర్రబడి, చెమటలు పడితే అది ప్రమాద సూచన. మూత్రపు గొట్టం మడతపడినా రక్తపోటు అలా ఎగబాకుతుంది. అతన్ని కూర్చోబెట్టి, గొట్టం చూసి, కేక వేసి మనుషులను పిలవాలి. ఏ గాయంలోనైనా సరే పిక్క ఒక్కసారిగా వాచి నొప్పిపెట్టడం, ఊపిరి ఆడకపోవడం, చలితో కూడిన జ్వరం, గాయం నుంచి దుర్వాసన అన్నవి ఉదయం రౌండు దాకా ఆగే విషయాలు కావు.

పేలుడుకు దగ్గరలో ఉన్నవారికి చెవిపొర చిరిగి ఉండవచ్చు, తలకు పైకి కనిపించని దెబ్బ తగిలి ఉండవచ్చు. పిలిస్తే పలకడం లేదు, చిన్న మాటకే విసుక్కుంటున్నాడు, వెలుతురు భరించలేకపోతున్నాడు, ఇందాక చెప్పినది మరిచిపోతున్నాడు అంటే పొగరూ కాదు, మార్పు వచ్చిన స్వభావమూ కాదు. ఎదురుగా నిలబడి, నోరు కనిపించేటట్లు, నిదానంగా మాట్లాడి, గమనించినది పుస్తకంలో రాసి డాక్టరుకు చూపాలి. కాలు పోయిన పెద్ద గాయం ముందు ఈ చిన్నవాటిని ఎవరూ పట్టించుకోకుండా పోయే అవకాశం ఉంది. కన్నవారికి మాత్రమే తెలిసే తేడాలు ఇవి.

తిండి విషయంలో మనవాళ్లకు ఒక దిగులు ఉంటుంది, రొట్టెలు తిని బిడ్డ చిక్కిపోతున్నాడని. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. ఆసుపత్రి ఇచ్చే గుడ్లు, పాలు, పప్పు, మాంసం ముందు తిననివ్వండి. డాక్టరు వద్దనకపోతే పక్కన కొంచెం గోంగూర పచ్చడి వేస్తే ఆ రొట్టే ఇంకొకటి దిగుతుంది. ఢిల్లీలో ఉన్నవారు వారానికొకసారి ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు వెళ్లి అన్నం తిని రావచ్చు, ఈ మాట అబ్బాయి కోసం కాదు, మీ కోసం. పరామర్శకు వచ్చే స్నేహితులు సిగరెట్లు తెస్తే మాత్రం మొహమాటం లేకుండా వద్దనండి; పొగ రక్తనాళాలను కుదించి గాయాన్ని మాననివ్వదు.

ఏమి మాట్లాడాలి, ఏమి మాట్లాడకూడదు

ఏడవకూడదని చాలామంది సలహా చెబుతారు. ఏడుపు వస్తుంది. వరండాలోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని రావచ్చు. మంచం పక్కన మాత్రం "నా కాలు పోయినా బాగుండేది" అనకండి. దానికి అతను ఏ జవాబు చెప్పలేడు, పైగా మిమ్మల్ని ఓదార్చే బరువు అతని మీద పడుతుంది. "దేవుడు నిన్ను కాపాడాడు" అనే ముందు, ఆ రోజు అతని పక్కన ఇంకెవరు ఉన్నారో, వారు ఏమయ్యారో తెలుసుకోండి. సహచరుడు చనిపోయి ఉంటే, ఆ దేవుడు వాడినెందుకు కాపాడలేదన్న ప్రశ్న అతన్ని రాత్రంతా తినేస్తుంది. మొక్కు మీకు ఉంటే తీర్చుకోండి, తిరుపతి వెళ్లి గుండు చేయించుకోండి, దాన్ని అతని మంచానికి కట్టకండి.

"వాడు ఎలా ఉన్నాడు?" అని సహచరుడి గురించి అడిగినప్పుడు అబద్ధం చెప్పకూడదు. మీకు తెలియకపోతే తెలియదనండి, తెలిసి ఉంటే ఎప్పుడు, ఎవరు చెప్పడం మంచిదో డాక్టరుతోనూ, యూనిట్ నుంచి వచ్చిన అధికారితోనూ మాట్లాడండి. జవాను మరణవార్తను తోటి సైనికుడి నోట వినడానికే ఇష్టపడతాడు. ఆ రోజు ఏం జరిగిందని మనంగా తవ్వి అడగకూడదు. చెప్పాలనిపించినప్పుడు, చాలా వరకు రాత్రి లైట్లు ఆర్పిన తరువాత, సంబంధం లేని ఏదో మాట మధ్యలో అతనే మొదలుపెడతాడు. అప్పుడు నిద్ర వస్తున్నా వినాలి.

పీడకలలతో ఉలిక్కిపడి లేస్తుంటే భుజం పట్టుకుని కుదపకండి. మంచం కాళ్ల వైపు నిలబడి పేరు పెట్టి పిలవండి, ఎక్కడ ఉన్నాడో చెప్పండి. నిద్ర పట్టకపోవడం, ఎవరినీ చూడననడం, బతికి ఏం లాభం అనడం వారాల తరబడి సాగితే మనోవైద్యుడిని చూపించమని అడగాలి. మిలిటరీలో దీన్ని దాచుకునే అలవాటు ఉంది, ఇంట్లో మనకూ ఉంది. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. సైనికుల కోసం ప్రత్యేకంగా ఒక విభాగాన్ని 2023 డిసెంబరులో పూణేలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో ప్రారంభించారు. 14416 నంబరు తల్లిదండ్రులకూ పనికివస్తుంది.

కోడలు, చుట్టాలు, ఫ్లెక్సీలు

అబ్బాయికి పెళ్లయి ఉంటే కాగితాల ప్రకారం దగ్గరి బంధువు సాధారణంగా కోడలే. సంతకం ఆమెది, డాక్టరు ముందుగా మాట్లాడేది ఆమెతో. దీన్ని మనసులో ఒప్పుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. ఆమె వయసు ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటుంది, చంకలో పసిబిడ్డ ఉండవచ్చు, పుట్టింటివారు వెనక నుంచి భయపెడుతూ ఉండవచ్చు. ఆమె పగలు మంచం దగ్గర ఉంటే అత్తగారు బిడ్డను చూసుకోవడం, రాత్రి మగవారు ఉండడం అన్నది చాలా వార్డులలో నియమాలకూ సరిపోతుంది, మర్యాదకూ సరిపోతుంది. రోజులో ఒక గంట వారిద్దరినీ ఒంటరిగా వదిలి బయటికి వెళ్లి టీ తాగి రండి. వచ్చే డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్న మాట మంచం పక్కన గానీ, ఆ వరండాలో గానీ ఎత్తకూడదు. పెళ్లికాని అబ్బాయి అయితే కుదిరిన సంబంధం ఉంటుందా పోతుందా అన్న చర్చ కూడా అంతే.

ఊళ్లో కూడలిలో ఫ్లెక్సీ కట్టడానికి, మంచం మీది ఫొటో వాట్సాప్‌లో పంపమని అడగడానికి ఎవరో ఒకరు తయారుగా ఉంటారు. అబ్బాయి ఒప్పుకోకుండా ఒక్క ఫొటో కూడా పంపవద్దు. యూనిట్ పేరు, గాయపడిన చోటు, ఆపరేషను వివరాలు ఎక్కడా రాయకూడదు. అది నియమమే కాక, ఇంకా అక్కడే కాపలా ఉన్న మిగతావారి భద్రత కూడా. పరామర్శకు రావాలనుకునే చుట్టాలను ఇంటి దగ్గర ఒకరికి అప్పగించి, ఆ ఒక్కరే రోజుకొకసారి అందరికీ కబురు చెప్పే ఏర్పాటు చేస్తే మీ ఫోనుకు విశ్రాంతి దొరుకుతుంది.

కాగితాలు

ఈ భాగం విసుగు పుట్టిస్తుంది, కానీ ముప్పై ఏళ్ల పింఛను దీని మీద ఆధారపడి ఉంటుంది. గాయం ఏ పరిస్థితిలో జరిగిందో యూనిట్ నమోదు చేస్తుంది. శత్రు చర్యలోనో, ఉగ్రవాదులతో పోరులోనో కలిగినదాన్ని బ్యాటిల్ క్యాజువాల్టీ అనీ, మిగతావాటిని ఫిజికల్ క్యాజువాల్టీ అనీ అంటారు. మొదటిదానికి యుద్ధ గాయ పింఛను, రెండవదానిలో విధినిర్వహణకు సంబంధం ఉందని తేలితే వైకల్య పింఛను వర్తిస్తాయి. రెండింటి మొత్తాల మధ్య తేడా పెద్దది. కాబట్టి ఐ.ఎ.ఎఫ్.వై. 2006 అనే గాయ నివేదిక ఫారం నింపారా, కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ అనే సైనిక విచారణ జరిగిందా, జవాను సర్వీసు వివరాలు నమోదు చేసే పార్ట్ టూ ఆర్డరులో ఏమని వచ్చింది అని అబ్బాయి చేత యూనిట్‌ను అడిగించి, వీలైన ప్రతిదాని నకలూ ఒక ఫైలులో పెట్టాలి. ప్రతి ఆసుపత్రి నుంచి కదిలేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, ఎక్స్‌రేలు, స్కానులు ఆ ఫైలులోనే చేరాలి.

కోలుకునే దశలో మెడికల్ బోర్డు కూర్చుంటుంది. షేప్ అనే అయిదు అక్షరాల పద్ధతిలో మనసు, వినికిడి, కాళ్లుచేతులు, శరీర సామర్థ్యం, కంటిచూపు అన్నవాటికి విడివిడిగా 1 నుంచి 5 దాకా శ్రేణులు వేస్తారు. 1 అంటే పూర్తి ఆరోగ్యం, 5 అంటే సేవకు పనికిరాని స్థితి. మొదట తాత్కాలికంగా తక్కువ శ్రేణి, అంటే 1 కంటే పెద్ద అంకె, ఇచ్చి, కొన్ని వారాల తరువాత మళ్లీ చూస్తారు. చెవి, తల, నిద్ర గురించి మీ పుస్తకంలో రాసినది ఇక్కడ పనికివస్తుంది, ఎందుకంటే బోర్డు ముందు జవాను నొప్పి తక్కువ చేసి చెబుతాడు. శ్రేణి తగ్గినంత మాత్రాన ఉద్యోగం పోదు. కాలు లేకుండానే తగిన పనిలో కొనసాగేవారు ఉన్నారు. ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేయమని తల్లిదండ్రులు అనడం వినడానికి ప్రేమగా ఉంటుంది, కానీ ఆ నిర్ణయం ఆసుపత్రి మంచం మీద తీసుకోవలసినది కాదు, మనం తీసుకోవలసినది అసలే కాదు.

ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్సు ఫండు, జీతం పడే బ్యాంకు ఖాతాతో వచ్చే ప్రమాద బీమా అన్నవాటిని చాలామంది అడగడం మరిచిపోతారు. బ్యాంకు బీమాకు గడువులు ఉంటాయి కనుక మొదటి నెలలోనే రాతపూర్వకంగా తెలియజేయాలి. పింఛను తిరస్కరించినా తక్కువ వేసినా అప్పీలు చేసుకోవచ్చు, తరువాత 2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. వాటా మాట్లాడుకుని పని చేసిపెడతామనే దళారులకు ఖాళీ కాగితం మీద సంతకం ఇవ్వకండి.

పూణే

కాళ్లు చేతులు పోయినవారిని గాయం మానిన తరువాత పూణేలోని వానవడిలో ఉన్న కృత్రిమ అవయవ కేంద్రానికి పంపుతారు. 1944లో, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మొదలైన సంస్థ అది. వెన్నుపాము గాయాలైనవారి కోసం అదే నగరంలోని ఖడ్కీలో పారాప్లీజిక్ పునరావాస కేంద్రమూ, వికలాంగ సైనికులకు చేతిపనులూ చదువూ నేర్పడానికి 1917లో స్థాపించిన క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూటూ ఉన్నాయి. మన వైపు నుంచి వెళ్లేవారికి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ విశాఖ, విజయవాడ, సికింద్రాబాదుల మీదుగా పూణే చేరుస్తుంది.

మొదట తాత్కాలికమైన కాలు ఇస్తారు. స్టంప్ నెలల పాటు చిక్కుతూ ఉంటుంది కనుక అది కూర్చునే గిన్నెలాంటి సాకెట్ వదులవుతుంది, పలుచని మేజోళ్లు అదనంగా వేసుకోవలసి వస్తుంది, మళ్లీ కొలతలు తీస్తారు. తొడిగిన మొదటి రోజున నడుస్తాడని ఆశించి కెమెరా పట్టుకుని నిలబడకండి. మొదటి రోజు రెండు కడ్డీల మధ్య నాలుగు అడుగులు వేసి, చర్మం ఎర్రబడి, చిరాకుతో తిరిగి వస్తాడు.

అక్కడ మీరు చూసేది మరొకటి ఉంటుంది. పక్క మంచం మీది గఢ్వాలీ కుర్రాడు రెండు కాళ్లూ లేకుండా జోకులు వేస్తూ ఉంటాడు, అతను మన అబ్బాయికి చెప్పగలిగినది మనం నూరేళ్లు చదివినా చెప్పలేము. 1971 యుద్ధంలో కాలు పోగొట్టుకున్న ఇయాన్ కార్డోజో తరువాత బెటాలియన్‌కూ బ్రిగేడ్‌కూ నాయకత్వం వహించారు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద చచ్చుబడిన మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్ ఈతలో బంగారు పతకం తెచ్చారు. 2002లో మందుపాతర పేలి కాలు పోయిన నాగాలాండ్ సైనికుడు హొకాటో సేమా 2024 పారిస్ పారాలింపిక్స్ షాట్‌పుట్‌లో కంచు పతకం గెలిచారు. ఇవన్నీ నాకు నోటికి వచ్చు. మొదటి నెలలో మా అబ్బాయికి చెప్పి తిట్లు తిన్నాను. తండ్రి చెబితే అవి పాఠాల్లా ఉంటాయి. పూణేలో మైదానాన్నీ, కృత్రిమ కాళ్లతో అక్కడ పరుగెత్తేవారినీ అతను తన కళ్లతో చూస్తాడు, అప్పుడు తనే అడుగుతాడు.

అందువల్ల పూణేలో మొదటి పదిరోజులు చూసిన తరువాత తల్లిదండ్రులు తిరిగి రావడమే మంచిదని నేను అంటాను. వైద్యుడిని అడిగి, కోడలితో మాట్లాడి, అతనికి చెప్పి రండి. ఇంటి దగ్గర పని చాలా ఉంది.

ఇంటికి వచ్చేలోపు

మన ఇళ్లు ఊతకర్రలకోసం కట్టినవి కావు. వీధి అరుగు ఎక్కడానికి మెట్లుంటే, ప్రతి అడుగు ఎత్తుకూ పన్నెండు అడుగుల పొడవుతో వాలు కట్టించాలి; అంతకంటే నిటారుగా ఉంటే చక్రాల కుర్చీని తన చేతులతో తాను నెట్టుకోలేడు. గడప తీసేయడానికి మన ఆడవాళ్ల మనసు ఒప్పదు, తీయనవసరం లేదు. లోపలా బయటా రెండు వైపులా చెక్కతో వాలు చేయిస్తే పసుపు కుంకుమలు అలాగే ఉంటాయి, కుర్చీ దాటుతుంది. కుర్చీ పట్టడానికి తలుపు వెడల్పు కనీసం మూడడుగులు ఉంటే మంచిది. స్నానాలగదిలో నున్నటి గచ్చు మీద నీళ్లు పడితే కర్ర జారుతుంది, కాబట్టి గరుకు పలకలూ, గోడకు పట్టుకునే కడ్డీలూ, కమోడూ పెట్టించాలి. మంచం ఎత్తు అతను కూర్చుంటే మోకాలి మట్టానికి రావాలి. అతను ఇంటికి వచ్చిన సెలవులో దీపావళి పడితే టపాసుల చప్పుడు గురించి వీధి పిల్లల తల్లిదండ్రులకు ముందుగా ఒక మాట చెప్పి ఉంచాలి.

అన్నీ చేసిన తరువాత, పగటిపూట ఒక చక్రాల కుర్చీలో కూర్చుని, కాళ్లు వాడకుండా చేతుల బలంతో ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి. నీళ్ల బిందె, స్విచ్చి, ఫోను ఛార్జరు, చెప్పుల స్టాండు, ఏది చేతికి అందలేదో అది కిందికి దించండి. మా ఇంట్లో అందనిది దేవుడి గూటి దగ్గర గంట; దాన్ని రెండడుగులు కిందికి దించి మేకు కొట్టాము, అది ఇప్పటికీ అక్కడే ఉంది.